బాబియాక్‌గారి నోటి తాళం

ఒరెస్ట్ బాబియాక్‌గారిని ఏం అడిగినా జవాబు ఒకటే: "అది బడ్జెట్ రోజున తెలుస్తుంది." టైమెంతయిందని అడిగినా అదే.

కెనడాలో మా మైదానాల రాష్ట్రానికి ఆయన తొమ్మిదేళ్ళుగా ఆర్థికమంత్రి. అంతకుముందు బార్లీ రైతు. పొలంలో ఉన్నన్నాళ్ళూ ఆయన తుమ్మితే పక్క ఊళ్ళో కుక్కలు మొరిగేవట. మంత్రి కుర్చీలో కూర్చున్నాడో లేదో, నోటికి తాళం పడింది. పడదా మరి! ఆ కుర్చీ చరిత్రే అలాంటిది. సభలో చదవకముందే బడ్జెట్‌లో ఒక్క ముక్క బయటికి పొక్కినా మంత్రి ఇంటికి పోవాల్సిందే, అది తాతలనాటి ఆనవాయితీ. వెనకటికి ఒక మంత్రి గడ్డం గీయించుకుంటూ సిగరెట్ల మీద పన్ను సంగతి నోరు జారాడు. ఒక చెంప గీసేసరికి ఊళ్ళో సిగరెట్లన్నీ అమ్ముడైపోయాయి. రెండో చెంప గీసేసరికి ఆయన పదవి ఊడింది. ఆ ఊరు వేసవిదాకా దగ్గుతూనే ఉంది.

బాబియాక్‌గారు ఆ దగ్గు మరిచిపోలేదు. ఇంట్లో కూడా అదే వరస.

"ఏమయ్యా, రాత్రికి బంగాళాదుంప కూరిన పెరోగీలు చెయ్యనా, క్యాబేజీ చుట్టలు చెయ్యనా?" అని భార్య స్టెల్లా అడిగేది.

"బడ్జెట్ రోజున తెలుస్తుంది."

"అప్పటిదాకా పస్తుంటావా?"

"దాని మీద ఇప్పుడే ఏమీ చెప్పలేను."

పాపం ఆవిడ రెండూ చేసేది. ఆయన రెండూ తినేవాడు. ఏది బాగుందో మాత్రం చెప్పేవాడు కాదు.

బడ్జెట్ నాడు ఆర్థికమంత్రి కొత్త బూట్లు తొడుక్కుని సభకు రావడం మా దేశంలో ఆచారం. అక్కడా ఇదే గోల.

"సైజెంతండీ?" అన్నాడు బూట్ల కొట్టువాడు.

మంత్రిగారు పైకప్పుకేసి చూశాడు.

"పోనీ, రంగు?"

"నలుపని నేను అనలేదు."

కొట్టువాడు దేవుడి మీద భారం వేసి ఏదో ఒక జత కట్టిచ్చేవాడు. ఒక ఏడు ఆ బూట్లు ఎంత పెద్దవంటే, మంత్రిగారి కంటే అడుగు ముందు అవే సభలోకి వచ్చాయి. మరుసటి ఏడు మరీ బిగుతు. నొప్పి ఓర్చుకోలేక కళ్ళ నీళ్ళతో బడ్జెట్ చదివాడు. 'రాష్ట్రం గతి చూసి మంత్రి కంటతడి' అని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. ఆ ఏటి ఎన్నికల్లో ఆయనకు మెజారిటీ రెట్టింపైంది.

ఈ తాళం పక్కనే తొమ్మిదేళ్ళు కొలువు చేసిన మనిషి వెర్నా క్లాసెన్, ఆయన కార్యదర్శి. నిరాడంబరంగా బతికే మెనొనైట్ క్రైస్తవుల ఇంటి ఆడపడుచు, పొదుపు ఆవిడకు పుట్టుకతో వచ్చింది. ఒకే టీ సంచీని నాలుగుసార్లు ముంచేది. నాలుగోసారికి నీళ్ళే జాలిపడి సంచీకి కాస్త రంగు ఇచ్చేవి. వెనకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని పారెయ్యడం ఆవిడ లెక్కలో మహాపాపం.

ఆ పొదుపే కొంప ముంచింది.

వెర్నాకి ఆఫీసు తర్వాత కర్లింగే లోకం. మంచు మీద బరువైన రాయిని జారవిడిచి, దాని ముందు చీపుళ్ళతో పరపరా రుద్దుతూ గురి దగ్గరికి చేర్చే ఆట అది. క్లబ్బులో ఎవరు ఏ జట్టో రాసి బోర్డుకి గుచ్చడం ఆవిడ పని. బడ్జెట్‌కి ఐదు రోజుల ముందు, శనివారం పొద్దున, అలాగే రాసి గుచ్చింది. రాసింది దేని వెనక? చించెయ్యాల్సిన బడ్జెట్ చిత్తుప్రతిలో నలభై ఏడో పేజీ వెనక.

అదే క్లబ్బులో ఆడే విలేకరి డెస్మండ్ టిబో తన పేరు వెతుక్కుంటూ బోర్డు దగ్గరికి వచ్చాడు. మంత్రి నోట్లోంచి ఒక్క మాట రాబట్టాలని తొమ్మిదేళ్ళు తపస్సు చేసినవాడు. ఎవరో తలుపు తీశారు, గాలికి కాగితం తిరగబడింది: 'గ్రామాల మంచు ఆటస్థలాలకు కరెంటు రాయితీ రద్దు.' చదివాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాడు. ఆ మధ్యాహ్నానికి వార్త రేడియోలో మోగిపోయింది. సాయంత్రానికి రాష్ట్రంలో ఉన్న చీపుళ్ళన్నీ సచివాలయం ముందు నిటారుగా లేచి నిలబడ్డాయి.

రేడియో విన్న వెర్నాకి అది తను గుచ్చిన కాగితమేనని అర్థమైంది. గుట్టు కాపాడతానని ప్రమాణం చేసి చేరిన ఉద్యోగం. విషయం తెలిస్తే పీకేస్తారు. అక్టోబరుదాకా నిలబడకపోతే పూర్తి పింఛను రాదు. ఆ పింఛను మీదే తనూ, చూపు మందగించిన అక్కా బతకాలి.

సోమవారం పొద్దున ముఖ్యమంత్రి స్వయంగా మంత్రిగారి గదిలోకి వచ్చి ఆ కాగితాన్ని బల్లమీద టపీమని కొట్టింది. వెర్నా అక్కడే టీ పోస్తోంది.

"ఎవరిదయ్యా ఈ చేతిరాత?"

బాబియాక్‌గారు కళ్ళజోడు సవరించుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆయన చదివే మొదటి రాత అది. "డాక్టరు చీటీలా ఉందండీ," అన్నాడు.

"ఇది కర్లింగ్ జట్ల జాబితా!"

"అయితే ఆ డాక్టరు కర్లింగ్ ఆడతాడేమో."

"వేళాకోళాలు చాలు. గురువారం లోపల ఆ పేరన్నా చెప్పు, రాజీనామా అన్నా ఇవ్వు. ఏదిస్తావు?"

"బడ్జెట్ రోజున తెలుస్తుంది."

ఆవిడ ధడాలున వేసి వెళ్ళిన విసురుకి తలుపు మళ్ళీ దానంతటదే తెరుచుకుంది.

"మంత్రిగారూ, ఆ కాగితం..." అంది వెర్నా.

"టీ బాగుంది."

"అది కాదండీ, నేనే..."

"నాకు వినబడలేదు."

"ఇంకా చెప్పలేదుగా!"

"చెప్పకు. చెబితే నాకు తెలుస్తుంది. నాకు తెలిస్తే రేపు ఆవిడ అడిగినప్పుడు అబద్ధమాడాలి. నాకు అబద్ధమాడటం రాదు వెర్నా. నోరు మూసుకోవడమొక్కటే వచ్చు."

వెర్నా ఆయన కప్పులో ఇంకాస్త టీ పోసింది. ఆ తాళం వెనక ఆయన దాచేది పన్నుల సంగతులే అనుకుంది ఇన్నాళ్ళూ. మనుషుల్ని కూడా దాస్తాడని అప్పుడే తెలిసింది.

మూడు రోజులు ఆయన గది తలుపు తెరవలేదు. గురువారం సభ కిక్కిరిసింది. ప్రతిపక్ష నాయకుడు రాజీనామా తీర్మానం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పైన గ్యాలరీలో వెర్నా చేతిలో రుమాలు తాడులా మెలితిరిగింది. బాబియాక్‌గారు ఎప్పటిలాగే నిద్రమంత్రం చదువుతున్నట్టు చదువుకుంటూ నలభై ఏడో పేజీకి వచ్చాడు.

"గ్రామాల మంచు ఆటస్థలాల కరెంటు రాయితీని... రెట్టింపు చేయడమైనది."

మరుక్షణం గ్యాలరీలో జనం చీపుళ్ళను నేలకేసి దబదబా కొట్టారు.

"అధ్యక్షా!" ప్రతిపక్ష నాయకుడు లేచాడు. "ఈ బడ్జెట్ ముందే బయటపడింది!"

"బయటపడ్డ కాగితంలో రద్దు అని ఉంది. నేను చదివింది రెట్టింపు," అన్నాడు బాబియాక్‌గారు. "బయటపడ్డదే బడ్జెట్ అయితే, మరి నేను చదివిందేమిటి? రాయితీ వద్దంటారా చెప్పండి, ఇప్పుడే కొట్టేస్తాను."

నాయకుడి నియోజకవర్గంలో ఆరు ఆటస్థలాలున్నాయి. గ్యాలరీలో చీపుళ్ళు ఆయనవైపే తిరిగి ఉన్నాయి. తీర్మానాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని కూర్చున్నాడు.

"ఈ ఖర్చు నిమిత్తం," మంత్రిగారు పేజీ తిప్పాడు, "ఆర్థికమంత్రి కారు, మంత్రులందరి విదేశీ ప్రయాణాలు రద్దు." తోటి మంత్రుల మొహాలు చూడాలి! ముఖ్యమంత్రి నవ్వు ఆపుకోలేక కాగితం అడ్డం పెట్టుకుంది. ఇక ఏ పేరూ అడగలేదు.

మర్నాడు సాయంత్రం, మార్చి అయినా సున్నాకి ఇరవై డిగ్రీల కింద చలి. బస్సు కోసం నిలబడ్డ వెర్నా ముందు బార్లీ పొట్టు రాల్చుకుంటూ ఒక ముసలి ట్రక్కు ఆగింది. లోపల మంత్రిగారు.

"ఎక్కు వెర్నా, ఇంటి దగ్గర దింపుతా."

"మీ డ్రైవరేడండీ?"

"మంచు తోసే బండికి మారాడు. జీతం కూడా పెరిగింది."

రెండు వీధులు దాటారు. వెర్నా గొంతు సవరించుకుంది. "మంత్రిగారూ, ఇప్పుడన్నా నన్ను చెప్పనివ్వండి. ఆ కాగితం..."

బాబియాక్‌గారు తన పక్క అద్దం పూర్తిగా కిందికి దించేశాడు. మంచుగాలి హోరున లోపలికి కొట్టింది. ఆవిడ ఏదో అంటూనే ఉంది, ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏంటీ? ఏంటీ?" అంటూనే ఉన్నాడు. ఇల్లు చేరేసరికి ఇద్దరి కనుబొమల మీదా మంచు గడ్డకట్టింది, చలికి పళ్ళు టకటకమంటుంటే ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.