బరువైన పట్టుకాయలు

1962 తొలకరి. ప్రభుత్వ పట్టుశాఖలో డిమాన్‌స్ట్రేటర్‌గా, అంటే ఊరూరా తిరిగి పురుగుల పెంపకం చేసి చూపించేవాడిగా నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిచేస్తున్నాను. రామన్నపేట దగ్గరి ఒక ఊళ్లో నేత పనిచేసే నర్సయ్య, అడవిలో మద్దిచెట్ల మీద బతికే దసలి పట్టుపురుగులు పెంచుతానని కబురు పంపాడు. నూలు దొరక్క అతని మగ్గం చాలాకాలంగా ఆగిపోయింది. ఈ పురుగులైనా కలిసిరాకపోతే కుటుంబాన్ని తీసుకుని షోలాపురం మరమగ్గాలకు పోవడమే.

నేను వెళ్లేసరికి నర్సయ్య ముఖం వెలిగిపోతోంది.

"రాండ్రి సారూ, రెక్కల పురుగులు ఎల్లినయి. గుడ్లు గూడ పెట్టినయి. ఎంతెంత ఉన్నయో జూడుండ్రి!"

కాయ అనే పట్టుగూటిని చీల్చుకుని రెక్కలతో వచ్చిన దసలి పురుగును ఒక్కసారి చూస్తే మరిచిపోలేం. రెక్కలు చాపితే అరచేతిని మించి ఉంటుంది. నాలుగు రెక్కల మీదా ఒక్కొక్క గుండ్రని కన్ను, అందులో అద్దం ముక్కలాంటి పొర. కింద వేలు పెడితే పైకి కనిపిస్తుంది. మగదైతే ఇటుక రంగు, సన్నటి ఒళ్లు, తలమీద ఈకల్లా విచ్చుకున్న యాంటెన్నాలు, అంటే మీసాలు. ఆడదైతే పసుపో బూడిదో రంగు, లావు పొట్ట, సన్నని మీసాలు. రెండింటికీ తినే నోరే ఉండదు. ఉన్న నాలుగు రోజుల్లోనే జత కట్టాలి, గుడ్లు పెట్టాలి.

నేను ఒక్కొక్క బుట్టా వంగి చూశాను. అన్నీ లావు పొట్టలే. ఈకల మీసం ఒక్కదానికీ లేదు. అంటే అన్నీ ఆడవే, మగది ఒక్కటీ లేదు.

"కాయలు ఎట్ల ఏరినవు నర్సయ్యా?"

"అమ్రాబాద్ అడివికి వోయి నేనే తెచ్చిన సారూ. చేతుల వట్టి తూచి, బరువున్నయే విత్తనానికి ఉంచిన. నూలు తూచిన చేయి గదా, తప్పు వోతదా?"

చేయి తప్పలేదు. ఆడపురుగు ఉన్న కాయే బరువు, మగదాని కాయ తేలిక.

"మరి తేలికయి ఏవి?"

అతని భార్య ఎల్లమ్మ లోపలి నుంచి తేనెరంగు పట్టునూలు చుట్టిన చిలప ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఉడుకవెట్టి నూలు తీసిన. మంచిగొచ్చింది గదా?"

మగపురుగులన్నీ ఆ చిలపలోనే పోయాయి. చెప్పక తప్పలేదు. మగది కలవని గుడ్లు పిల్లలు కావని విని ఎల్లమ్మ ఆ చిలపను నా చేతిలోంచి వెనక్కి తీసుకుంది.

ఇంకా గుడ్లు పెట్టని ఆడపురుగు ఒకటి మిగిలింది. దాన్ని బుట్టలో ఉంచి, సాయంత్రం వాగు ఒడ్డున మద్దిచెట్టుకు కట్టించాను. అడవిలోనైతే దాని వాసనకు ఎక్కడెక్కడి మగపురుగులో వచ్చి వాలతాయి. ఇక్కడ అడవేది? తెల్లారి చూస్తే బుట్టలో అది ఒక్కటే ఉంది.

"మల్ల కాయలు తెచ్చుకోవచ్చు గదా సారూ?" అన్నాడు నర్సయ్య.

"తొలకరి విత్తనం అయిపోయింది. అడవిలో కాయలన్నీ పగిలి పురుగులు ఎగిరిపోయుంటాయి, ఇంకెక్కడా దొరకదు, నర్సయ్యా."

ఎల్లమ్మ ఆ గుడ్లను పారేయనివ్వలేదు. "ఏమో, ఒక్కటన్న పగలదా" అంటూ ప్రయాణాన్ని రేపుమాపని ఆపింది. గుడ్లన్నీ సొట్టలు పడి ఎండిపోయాక వాళ్లు షోలాపురం వెళ్లిపోయారు. ఆ కబురు నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా "మంచి కాయలు ఏరుకోండి" అని ఊరుకోలేదు. బరువైనది ఒక చేతిలో, తేలికది ఒక చేతిలో పెట్టి, రెండూ ఉంటేనే విత్తనం అని చెప్పాకే కదిలేవాణ్ని. ఆ పాఠం నాకు ఉద్యోగమంతా పనికొచ్చింది. నేర్పిన ఆ ఇద్దరికి మాత్రం ఒక్కనాడూ అక్కరకు రాలేదు.