నూనె తేలే సీసా, తేలని సీసా

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కూరలో ఉప్పు ఎక్కువైందన్న ముచ్చట కూడా రాసుకునే నా డైరీలో సైతం దీనికి చోటివ్వలేదు. పటమటలో ఒక సహజ ఆహారాల కంపెనీలో చేరి, పీనట్ బటర్ అంటే నూరిన వేరుశనగ తప్ప మరేమీ ఉండకూడదని, పంచదారా పామాయిలూ కలిపిన అంగడి సరుకు ఇంట్లోకి రానివ్వకూడదని పగలంతా రాసిన నేను, సాయంత్రం గదికి చేరి తలుపు దగ్గరగా వేసుకుని తిన్నది ఆ పంచదారా పామాయిలూ కలిపిన సీసాలోదే. ఆ రోజులు తలుచుకుంటే నాకు పెద్ద సిగ్గేమీ వెయ్యదు. అప్పట్లో ఊరంతా అలాగే ఉండేది. పొద్దున్నే కొర్రల, అండుకొర్రల మహిమ గురించి వాట్సాప్ గ్రూపుల్లో బోధించినవాళ్లే సాయంత్రానికి పునుగుల బండి దగ్గర ప్లేటు పట్టుకుని కనిపించేవారు. బండి దగ్గర నిలబడి "ఇంకొంచెం చట్నీ వెయ్యండి" అని అడగడానికి కూడా మొహమాటపడేదాన్ని కాబట్టి నేను గదిలో తినేదాన్ని. అంతే తేడా.

మాది ఉయ్యూరు. డిగ్రీ అవగానే నన్ను బ్యాంకు పరీక్షల కోచింగులో చేర్పించాలని నాన్న నిశ్చయించుకున్నాడు. నాకు లెక్కలంటే భయం, మనుషులంటే అంతకన్నా భయం. బ్యాంకులో ఆ రెండూ కౌంటరుకి చెరో పక్కన కూర్చుని ఉంటాయి. అలాంటప్పుడు, తెలుగులో చక్కగా రాయగలవాళ్లు కావాలన్న ప్రకటన ఒకటి కనిపించింది. ఒక మూల కూర్చుని రాసుకుంటూ జీతం తీసుకోవచ్చని (అప్పటికి నాకు లోకం అంతే తెలుసు) దరఖాస్తు పెట్టాను, ఉద్యోగం వచ్చింది. నాన్న ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. వేసవి వెళ్లేలోగా ఉద్యోగం ఖాయం కావాలి. కాకపోతే నోరు మూసుకుని కోచింగులో చేరాలి. నోరు మూసుకోవడం నాకు కష్టమేమీ కాదు. ఆ రెండో భాగంతోనే పేచీ.

పటమటలో పెద్దమ్మగారింట్లో దిగాను. పెద్దమ్మకి షుగరు అంచుల్లో ఉందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి పెదనాన్న ఆ ఇంటి వంటగదికి కాపలా అధికారి అయ్యాడు. పంచదార డబ్బా ఆయన బీరువాలోకి వెళ్లింది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, హాల్లోంచి "ఎవరది" అని వినిపించేది. నేను చేరిన కంపెనీ పేరు వినగానే ఆయన ఎంత సంతోషించాడో చెప్పలేను. పంచదార లేని పీనట్ బటర్ తన ఇంటికి నడిచి వచ్చిందన్నాడు. పెద్దమ్మ మాత్రం నా వైపు ఒకసారి జాలిగా చూసి లోపలికి వెళ్లిపోయింది.

మా సారు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు వదిలిపెట్టి వచ్చి ఈ కంపెనీ పెట్టిన మనిషి. ఏ వాక్యమైనా 'సహజం' అన్న మాట లేకుండా పూర్తి చేసేవారు కారు కాబట్టి డైరీలో ఆయన్ని సహజంగారు అని రాసుకునేదాన్ని. ఎక్కడ ఏ సీసా కనిపించినా తిప్పి వెనక వైపు చదవాలని, అక్కడ వేరుశనగ అన్న ఒక్క మాటే ఉంటే కొనాలని, మాటలు పెరిగేకొద్దీ మోసం పెరుగుతుందని మొదటిరోజే ఉపదేశించారు. ఆయన చెప్పినట్టే సూపర్ మార్కెట్లో నిలబడి సీసాల వెనకవైపులు చదివాను. ఏం చెయ్యను, చిన్నప్పట్నుంచీ చదవడానికి ఎక్కువ ఉన్నదాన్నే ఎంచుకునే అలవాటు. ఒక్క మాటతో అయిపోయే కథ నాకు ఆనలేదు. ఎమల్సిఫైయర్లు, స్టెబిలైజర్లు అంటూ చీమల బారులా అక్షరాలు సాగిన సీసాని ఇంటికి తెచ్చుకున్నాను, మధ్యమధ్య గింజ ముక్కలు తగిలే రకం.

అసలు ఈ రెండు సీసాల నిల్వ దగ్గరే ఉంది తమాషా. అంగడి సీసాకి నూనె తేలదు, చెడదు, ఎండకి కంగారు పడదు. నెలల తరబడి ఏ చీకటిమూల పడేసినా గట్టి స్నేహితురాలిలా ఉన్నచోటే ఉంటుంది. అందుకని దాన్ని నా గదిలో పుస్తకాల వెనక పెట్టాను. సహజమైన సీసా అలా కాదు. అది నూనె వదులుతుంది, కలపమంటుంది, ఫ్రిజ్ కావాలంటుంది. పెద్దమ్మ ఫ్రిజ్‌లో దోసెలపిండికీ పెరుగుగిన్నెకీ మల్లెపూల పొట్లానికీ మధ్య దానికి చోటు దొరకడమే గండం. నూనె సమంగా సర్దుకోవాలంటే తలకిందులుగా పెట్టమని సారు చెబితే అలాగే పెట్టాను. మూత వదులుగా ఉన్నట్టుంది, తెల్లారేసరికి నూనె మల్లెపూలలోకి దిగింది. ఆ వేళ పెద్దమ్మ కంకిపాడులో ఒక పెళ్లికి అవే పూలు పెట్టుకుని వెళ్లింది. పక్కన కూర్చున్నావిడ భోజనాలు ఇంకా వడ్డించకుండానే వేరుశనగ వాసన వస్తోందేమిటని చుట్టూ వెతికిందట. ఆ మాట చెప్పి పెద్దమ్మ నన్ను తిట్టలేదు. నీ సహజం నా కొప్పులో కూడా దూరిందే అని మాత్రం అంది.

ఇంకో సంగతి కూడా గమనించాను. నా పుస్తకాల వెనక సీసా నేను తిన్నాననుకున్నదాని కన్నా త్వరగా తరిగిపోయేది. చదువుతూ తింటే ఎంత తిన్నదీ తెలియదు కదా అనుకుని, ఇకమీదట తినేటప్పుడు పుస్తకం మూసెయ్యాలని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. అయినా సీసా తరుగుతూనే ఉంది. ఇంత తిండిపోతునా అని నా మీద నాకే దిగులేసింది.

ఇక ఆఫీసులో నన్ను మూల కూర్చోబెట్టి రాయించడంతో పాటు సారు ఒక ఫోను కూడా చేతిలో పెట్టారు. సొంత మేనత్త ఫోను చేసినా అమ్మకి అందించి తప్పుకునేదాన్ని నేను. ఆ ఫోనులో కొన్నవాళ్లది రోజూ ఒకటే గోల. సీసాలో నూనె పైకి తేలిందండీ, పాడైన సరుకు అంటగట్టారండీ అని. నూనె తేలడమే మంచి సరుకుకి గుర్తని చెప్పడానికి నేను గొంతు సవరించుకునేలోపే అవతల పెట్టేసేవారు. కొందరు ఆ నూనె వంచేసి వడియాలు వేయించుకుని, మిగిలింది రాయిలా ఉందని మళ్లీ ఫోను చేసేవారు. అది చూసి సారు, జనం మనసుకి ఎక్కేటట్టు ఒక కాగితం రాయండి, సీసాతో పాటు ఇద్దాం అన్నారు.

రాశాను. రాత్రి మేడ మీద పచార్లు చేసి మరీ మొదటి వాక్యం అల్లుకున్నాను. 'పైన తేలిన నూనెను చూసి కంగారుపడకండి. మన ఆవకాయ జాడీలో నూనె తేలితే సంతోషించమా? ఇదీ అంతే.' దాని కింద అసలు సూచనలు: అడుగు నుంచి బాగా కలపండి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, తడి చెంచా ముంచకండి. సారు చదివి, ఎంత సహజంగా ఉందమ్మా మన వాక్యం, అన్నారు. ఆ రోజు అది 'మన' వాక్యం.

ఫోన్లు ఆగిపోయాయి. నా వాక్యం లోకాన్ని మార్చేసిందనుకున్నాను. నాన్నకి కూడా ఉద్యోగం ఖాయమైనట్టేనని చెప్పాను. ఎండలు ముదిరాక మళ్లీ మోగడం మొదలైంది. ఈసారి కనరు వాసన వస్తోందని. ఫ్రిజ్‌లో పెట్టారాండీ అని నసుగుతూ అడిగితే, "ఆవకాయని ఫ్రిజ్‌లో ఎవరు పెడతారమ్మా" అని ఎదురు ప్రశ్న. అప్పుడు నాకు తెలిసింది. ఆవకాయ అన్న మాట కనపడ్డాక కృష్ణా జిల్లాలో ఏ ఇల్లాలూ కింది వాక్యం చదవదు. నిల్వ సంగతి ఆవిడకి నేర్పడానికి నేనెవర్ని? ఒకావిడ సీసాలోంచి జాడీలోకి మార్చి మూతికి గుడ్డతో వాసెన కట్టి అటకెక్కించింది. ఒకావిడ బుద్ధిగా మూడోరోజు దాకా ఆగి తిరగకలిపింది. ఇంకొకావిడ నూనె కిందికి దిగిందని పప్పునూనె కాచి చల్లార్చి పైన పోసింది. నేను రాసిన సూచనల్లో తడి చెంచా సంగతి ఒక్కటే అందరూ పాటించారు, అది మొదటి నుంచీ వాళ్లదే కాబట్టి.

సారు పిలిచారు. "చూడండమ్మా, మీ వాక్యం వల్లే కదా ఇదంతా," అన్నారు. మనది నాదైపోయింది. ఎక్కువ ఫిర్యాదులు మా పెద్దమ్మ ఉండే అపార్టుమెంటు నుంచే వచ్చాయట, ఆదివారం నేనే వాళ్లందరి ముందూ నిలబడి కలిపి చూపించి నచ్చచెప్పాలట. కుదరకపోతే, సహజంగానే, వచ్చే నెల నుంచి రానక్కర్లేదట. ఆ మాట కూడా ఎంతో మెత్తగా చెప్పారు.

ఆదివారం సాయంత్రం సెల్లార్లో కార్లు పక్కకి తీయించి కుర్చీలు వేశారు. పెద్దమ్మే అందరినీ పోగుచేసింది. ముందు వరసలో సెక్రటరీగారి భార్య. ప్రతి వేసవికీ ఆ అపార్టుమెంటు మొత్తానికి ఆవకాయ కొలతలు చెప్పేది ఆవిడే కాబట్టి మేమంతా ఆవకాయ అత్తయ్య అనేవాళ్లం. నేను ఉపన్యాసం కంఠతా పట్టి వెళ్లాను. లేచి నిలబడి "నమస్కారమండీ" అన్నాను. అంతే, మిగతాది ఉయ్యూరు బస్సెక్కి వెళ్లిపోయింది. కోచింగు సెంటరు బెంచీలు కళ్ల ముందు కనిపించాయి. ఏం చెయ్యాలో తోచక సీసా మూత తీసి చెంచాతో కలపసాగాను. నిండు సీసా కలిపితే ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది. నూనె అంచులు దాటి, బల్ల మీదుగా నా చున్నీలోకి పారింది. నేను తలెత్తకుండా తిప్పుతూనే ఉన్నాను.

ఆ దృశ్యాన్ని కాసేపు అందరూ ఓర్చుకున్నారు. ఆవకాయ అత్తయ్య ఓర్చుకోలేకపోయింది.

"ఏందమ్మా ఆ తిప్పడం, కాఫీలో పంచదార కలుపుతున్నావా? అడుగు కదలందే ఎట్లా కలుస్తది," అంటూ లేచి వచ్చి సీసా లాక్కుంది. పైనుంచి బేసిను తెప్పించి అందులో వంచి, గరిటెతో కింద నుంచి పైకి తిప్పింది. క్షణాల్లో నున్నగా వచ్చింది. వేలితో తీసి నాలిక మీద వేసుకుని ఆగిపోయింది.

"దీంట్లో ఉప్పేదీ?"

తల అడ్డంగా ఊపాను.

"కారం? ఆవపిండి?"

"లేదండీ," అన్నాను. అదే ఆ రోజు నా రెండో మాట.

"ఉప్పూ కారం లేకుండా ఆవకాయ ఎట్లా అవుద్దమ్మా? ఎవరు రాశారా కాగితం?"

పెద్దమ్మ తలెత్తి సెల్లార్ పైకప్పున పోతున్న నీళ్ల గొట్టాల్ని శ్రద్ధగా పరిశీలించింది. నేను కూడా అటే చూశాను.

"ఇది నూరిన పల్లీ పచ్చడి. పచ్చడి బయట పెడితే ఉంటదా? కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి," అని అత్తయ్య తీర్పు చెప్పింది. అవునవును, పచ్చడే అని అందరూ తలలూపారు. నేను చిన్న అక్షరాల్లో రాసింది అదే మరి. కానీ ఇప్పుడది వాళ్లు కనిపెట్టింది కాబట్టి నిజమైంది. ఆ ఊపులో రుచి చూడడం మొదలుపెట్టారు. కాస్త పంచదార పడితే బాగుండునని ఒకావిడ, చిటికెడు ఉప్పు కూడా అని ఇంకొకావిడ, ఈ నూనె తేలకుండా గట్టిగా ఉండేదేదన్నా కలపకూడదా అని మూడో ఆవిడ. అరగంటలో ఆ సెల్లార్లో, ఎవరి సాయమూ లేకుండా, అచ్చంగా నా పుస్తకాల వెనక ఉన్న సీసాని తయారుచేసేశారు. నేను చున్నీకంటిన నూనె పిండుకుంటూ ఉన్నాను. పెద్దమ్మ ఎందుకో నన్ను చూసి నవ్వు ఆపుకుంది.

మర్నాడు ఆవకాయ అత్తయ్య సారుకి ఫోను చేసి, మీ అమ్మాయి చాలా చక్కగా విడమరిచి చెప్పిందండీ అందట. కాగితం మీద ఆవకాయ తీసేసి పల్లీ పచ్చడి పెట్టాం, ఫోన్లు తగ్గిపోయాయి, నా ఉద్యోగం ఖాయమైంది. నాన్న కోచింగు మాట వదిలేశాడు. మీలో మంచి వక్త ఉందమ్మా, అది సహజంగా వచ్చే విద్య, అని సారు మెచ్చుకుని, ఇకనుంచి ప్రతి ఆదివారం ఒక అపార్టుమెంటులో నిలబడి కలపాలని బహుమానం కూడా ప్రకటించారు. నాలుగు వాక్యాలు చెప్పడం నాకు ఆ సెల్లార్లలోనే అలవాటైంది. ఇప్పటికీ అయిదోది రాదు.

కిందటేడు గుంటూరులో పుస్తకాలు అచ్చువేసేవాళ్ల దగ్గర ప్రూఫులు దిద్దే పని దొరికింది. నిజంగానే మూల కూర్చుని చేసే పని. పెద్దమ్మగారింట్లోంచి సామాను సర్దుకున్న రోజున ఖాళీ అవుతున్న అలమర ముందు నిలబడితే, తలుపు దగ్గరగా వేసుకుని, చెంచా నోట్లో పెట్టుకుని, తనని ఎవరూ చూడట్లేదని నమ్మిన ఆ పిల్ల గుర్తొచ్చింది. పాపం, తిండిపోతునని ఎంత బాధపడిందో. పుస్తకాలు కట్టలు కట్టి వాకిట్లోకి చేర్చాను. ఆటో వచ్చింది. పెద్దమ్మ నాతో పాటు కిందకి దిగింది, పెదనాన్న బాల్కనీలోంచి చెయ్యి ఊపుతున్నాడు. ఆయనకేసి ఒకసారి చూసి, పెద్దమ్మ ఆటోలోకి తల వంచి, గొంతు తగ్గించి అంది:

"అన్నీ పట్టుకెళ్లమాకే. ఆ లావు పుస్తకాలు నాలుగు ఉంచి పో. సీసా ముందు పెట్టుకోడానికి నాకేదో ఒకటి ఉండాలిగా."