ఏడ్చేవాళ్లదే ముందు వంతు

నేను పదవీ విరమణ చేయడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, విశాఖపట్నంలో నేను పనిచేసే ఆసుపత్రిలో నన్ను ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌గా వేశారు. హోదా హెడ్ సిస్టర్‌ది, చేతికింద మాత్రం ఎవరూ ఉండరు. ఏ క్రిమి ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో కనిపెట్టడమే ఉద్యోగం. అంతకుముందు పద్నాలుగేళ్లు కాలిన గాయాల వార్డులో, డ్రెసింగ్ గదిలోనే చేశాను కాబట్టి మొదటి పని అక్కడే అప్పగించారు.

ఆ వార్డులో మందులకు లొంగని క్రిమి ఒకటి తిష్ఠ వేసింది. దాని మీద పనిచేసే యాంటీబయాటిక్ ఒక్కటే మిగిలింది, అదేమో కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఒకరి తర్వాత ఒకరి గాయంలో అదే క్రిమి కనిపిస్తోంది.

ఐదో బెడ్ మీద గౌరి ఉండేది. జాలరిపేటలో చేపలమ్మే మనిషి. స్టవ్ మంటకి రెండు చేతులూ కాలాయి. తొడ మీది చర్మం తీసి చేతులకు అతికే ఆపరేషన్ పై వారానికి రాశారు. ఈలోగా క్రిమి అంటుకుంటే అతికిన చర్మం నిలవదు, వేళ్లు ముడుచుకుపోతాయి.

"సిస్టరమ్మా, ఏళ్లు ముడుసుకుపోతే సేపెలా పట్టుకుంతాను, ఎలా కోత్తాను?" అని రోజూ అడిగేది. ఏం కాదని చెప్పేదాన్నే గానీ, లోపల నాకూ భయంగానే ఉండేది.

పొద్దున ఎనిమిదింటికి, ఇంకా కట్లు మొదలుకాకముందే, డ్రెసింగ్ గదిలో కుళాయి, సింకు, బల్ల, ఆయింట్‌మెంట్ డబ్బాలు, అన్నిటి మీదా దూదిపుల్ల రాసి ల్యాబ్‌కి పంపాను. రెండు రోజులకి రిపోర్టు వచ్చింది, ఎక్కడా ఏమీ లేదు. మళ్లీ పంపాను, మళ్లీ అంతే. నా తెలివితేటల మీద నాకే చిరాకేసింది. చివరికి ఒక స్టూలు వేసుకుని, గదిలో ఒక మూల పూటంతా కూర్చుని, జరిగిందంతా గడియారం చూసి రాసుకున్నాను.

మొదట లోపలికి వచ్చింది సింహాచలం. ఇనుము పోతపోసే ఫౌండ్రీలో పనివాడు, వీపంతా కాలింది. ఆ క్రిమి అతని గాయంలో ముదిరి ఉంది. ఆ సంగతి కేస్‌షీట్‌లో ఉంది గానీ, కేస్‌షీట్లు డ్రెసింగ్ గదికి రావు. అతన్ని దింపాక బల్లను మందునీళ్లతో తుడిచి, వెంటనే తర్వాతి మనిషిని పడుకోబెట్టారు. ఆ మందు పనిచేయాలంటే బల్ల పది నిమిషాలు తడిగా ఉండాలి. నేను చూసింది ఒక్క నిమిషం. మర్నాడు ఆ ఒక్క నిమిషంలోనే బల్ల మీద దూదిపుల్ల రాసి పంపాను. ఈసారి క్రిమి దొరికింది, సింహాచలం గాయంలో ఉన్నదే.

రోజూ అతన్నే ముందు ఎందుకు తీసుకుంటున్నారని డ్యూటీ సిస్టర్‌ని అడిగాను. "మీరే కదా మేడమ్ నేర్పారు? ఎక్కువ ఏడ్చేవాళ్లకి ముందు కట్టు కట్టేయాలని," అంది. నిజమే, ఆ వరస పెట్టింది నేనే. ఎనిమిది గంటలకి అందరికీ ఒకేసారి నొప్పి సూది వేసేవాళ్లం. దాని బలం తగ్గేలోగా ఎక్కువ బాధపడేవాళ్ల కట్టు అయిపోవాలని నా ఆలోచన. తల కొట్టేసినట్టయింది.

ఇకమీదట అతని కట్టు అందరికంటే ఆఖర్న కడతామని సింహాచలానికి నేనే వెళ్లి చెప్పాను.

"నానేటి తప్పు సేసినానమ్మా? నన్నెందుకు ఆకర్న పెడతన్నారు?" అన్నాడు. అతని గాయంలోది బల్ల మీదుగా మిగతావాళ్లకి పోతోందని దాచకుండా చెప్పాను. అతను, "ఆ సేపలమ్మి సేతులకీ ఎల్తాదా?" అని అడిగాడు. వెళ్లొచ్చన్నాను. "అయితే ఆకర్నే కట్టండి. సూది మాత్రం నా వంతు టయానికి ఎయ్యాల."

సూదిమందు రాసేది సర్జన్ గారు కనుక ఆయనతో మాట్లాడి, ఎవరి వంతుకి అరగంట ముందు వాళ్లకి సూది పడేలా మార్పించాను. సింహాచలం వంతు ఆఖరు. అతని తర్వాత బల్ల ఎంతసేపు తడిగా ఉన్నా తొందరపెట్టేవాళ్లు ఉండరు. గౌరికి ఆపరేషన్ అయిన ఐదో రోజు కట్టు విప్పితే చర్మం అతుక్కుని గులాబీరంగులో ఉంది. నాకు ఏడుపొచ్చింది. కొత్తగా ఎవరికీ అంటలేదని తేలేదాకా మరో రెండు నెలలు దూదిపుల్లలు పంపుతూనే ఉన్నాను.

కట్టు కట్టే వరస, గాయంలో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టును బట్టి ఉండాలి, సూది వేసే వేళ నొప్పిని బట్టి ఉండాలి. ఈ రెండింటినీ పద్నాలుగేళ్లు ఒకటే అనుకుని, దాన్ని మంచితనమనుకుని, మిగతావాళ్లకి కూడా నేర్పాను.