నీళ్లను సాకిన గంగామణి టీచర్

గంగామణి టీచర్ ఇక లేరన్న వార్తను బోధన్ బస్టాండులో, చేతిలో చాయ్ గ్లాసు ఉండగా ఫోనులో విన్నాను. విని "అట్లనా" అన్నాను. ఎవరు కాలధర్మం చెందినా సంతాపసభలో నన్ను పిలిచి మైకు ముందు నిలబెడతారు. అనర్గళంగా మాట్లాడతానని నాకు పేరు. అలాంటి నాకు ఆ క్షణాన ఒక్క సమాసమైనా తోచలేదు. కోటగిరి బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఇది రాస్తుంటే ఆమె నవ్వు వినబడుతున్నది. నా రాతల మీద ఆమెకు ఎన్నడూ గౌరవం లేదు. "నువ్వు ఎవలి మీద రాసినా మనిషి కనవడడు పంతులూ, సమాసాలే కనవడుతయి" అనేవారు. కనుక ఆ నిష్కళంక విద్యావ్రతను, ఆ నిరాడంబర శాస్త్రోపాసకురాలిని స్మరించడానికి నాకు చేతనైన రెండు సమాసాలను ఇక్కడే వాడేసి, మిగిలినది చూసింది చూసినట్టు రాస్తాను. పూర్తిగా మానుకోవడం మాత్రం నా వల్ల కాదు.

కోటగిరి బడిలో ఆమె భౌతికశాస్త్రం చెప్పేవారు, నేను తెలుగు. ఇద్దరమూ బోధన్ నుంచి ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. నాకంటే పెద్దవారు కాబట్టి అక్కా అని పిలిచేవాణ్ని. ఆమె వివాహం చేసుకోలేదు. మూతబడిన చక్కెర ఫ్యాక్టరీకి దగ్గర్లో ఒక చిన్న ఇంట్లో తల్లి రాజవ్వతో ఉండేవారు. ఆ ఇంటి ముందుగదిలో టీవీ ఉండవలసిన చోట ఒక గాజు తొట్టి ఉండేది.

ఆ తొట్టి తెచ్చిన కొత్తలో ఒకనాడు రాజవ్వ నన్ను పక్కకు పిలిచింది. "సారూ, మా బిడ్డకు ఏమన్న అయిందేమో జర అడుగుండ్రి. తొట్ల ఒక్క చాప లేదు. దినాం మేత ఏస్తది, నిలవడి సూస్తది." పోయి చూస్తే నిజమే. తొట్టినిండా నీళ్లు, మూలన బుడబుడమంటూ మోటారు, చేప మాత్రం లేదు. గంగామణి టీచర్ భక్తిశ్రద్ధలతో చిటికెడు మేత వేస్తున్నారు.

"ఎవలకేస్తున్నవక్కా?" అన్నాను.

"కంటికి కనవడనోళ్లకు."

ఆమె ఆస్తికురాలు కాదని తెలుసు కనుక నేను కంగు తిన్నాను. అప్పుడు చెప్పారు. మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. చేప విసర్జించే మలినమూ అదే అవుతుంది. చేపకు అది విషం. అయితే ఆ విషాన్నే ఆహారంగా తినే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. మోటారుకు తగిలించిన స్పాంజిలో అవి మెల్లగా కాపురం పెడతాయి. అవి పెరిగే దాకా చేపను తేకూడదు. "చాపలను సాకుడు కాదు పంతులూ, నీళ్లను సాకాలె. నీళ్లు మంచిగుంటే చాపల బతుకు చాపలే బతుకుతయి" అన్నారు. తరువాత ఒక చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు తీసి, సీసాలోని మందు చుక్కలు వేసి చూపించారు. "పసుపు రంగొచ్చిందనుకో, బతికినట్టే. ఆకుపచ్చ దిక్కు పోయిందా, ఆగమే." పసుపు పండే జిల్లాలో పుట్టినందుకు ఆ రంగు మీద ఆమెకు సహజంగానే నమ్మకం ఎక్కువ.

చేపలను నిజామాబాద్ నుంచి బస్సులో తెచ్చిన రోజు నేను పక్క సీట్లో ఉన్నాను. నీళ్లు నింపిన ప్లాస్టిక్ కవరును పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నారు. కండక్టరు నిలబడి చూసి, "మేడమ్, ఆడ చాపలైతే ఫ్రీ. మగయైతే టికెట్ తీసుకోవాలె" అన్నాడు. ఆమె కవరు పైకెత్తి చాలా సేపు పరీక్షించి, "నాకూ తెలుస్తలేదన్నా. ఆధార్ కార్డు అడిగి సూడు" అన్నారు. బోధన్ వచ్చే దాకా బస్సంతా నవ్వుతూనే ఉంది.

తొట్టి దగ్గర నేర్చినదే బడిలోనూ పాటించేవారు. ఒక అమ్మాయి రోజూ క్లాసులో నిద్రపోయేది. నేను బెత్తం తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "చాప పైకి తేలితే చాపను కొడ్తవా? నీళ్లు సూడాలె గదా." ఆ సాయంత్రమే అమ్మాయి ఇంటికి వెళ్లారు. మంచాన పడ్డ నాయనమ్మకు తెల్లవార్లూ సేవ చేసేది ఆ పిల్లేనని తెలుసుకున్నారు. మర్నాటి నుంచి మొదటి పీరియడ్‌లో ఆ పిల్ల ల్యాబులో బల్ల మీద పడుకునేది. హెడ్మాస్టరుకు ప్రాక్టికల్స్ అని చెప్పారు.

అలాంటి మనిషికి కాలేయం చెడింది. ఏనాడో ఒంట్లో చేరి మౌనంగా ఉన్న కామెర్ల జబ్బు అన్నారు డాక్టర్లు. తాగుడు లేకుండా కాలేయం ఎట్లా పాడవుతుందని నన్ను అడిగిన పెద్దమనుషులున్నారు. వాళ్లకు నేను జవాబు చెప్పలేదు, చెప్పను కూడా. కళ్లు పసుపుపచ్చగా మారినప్పుడు అద్దంలో చూసుకుని, "ఈడ మాత్రం పసుపు మంచిది గాదు పంతులూ" అన్నది ఆమే.

నిజామాబాద్ ఆసుపత్రిలో చివరి రోజుల్లో మాట తడబడసాగింది. మనుషులను గుర్తుపట్టడం తగ్గింది. డాక్టరు నన్ను బయటికి పిలిచి, "రక్తంలో అమ్మోనియా బాగా పెరిగింది సార్, మెదడు మీద పనిచేస్తున్నది" అన్నాడు. అమ్మోనియా! తెలుగు పండితుడినైన నాకు ఆ మాట ఆమె తొట్టి దగ్గరే పరిచయం. తొట్టికైతే ఏం చేయాలో తెలుసు. సగం నీళ్లు తోడి కొత్తవి పోయాలి, మేత ఆపాలి. ఇక్కడ ఏం తోడను? మందులు ఎక్కిస్తూనే ఉన్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, అంతే.

లోపలికి పోతే కళ్లు తెరిచారు. "ఏం రంగొచ్చింది పంతులూ?" అన్నారు. తెలిసి అడిగారో, తెలియక అడిగారో నాకు ఇప్పటికీ తెలియదు.

"పసుపే అక్కా."

"అయితే బతికినట్టే" అని కళ్లు మూసుకున్నారు. నాతో మాట్లాడిన ఆఖరి మాట అది.

మా దిక్కు మూడో దినం పిట్టకు పెడతారు. పోయినవారికి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, దూరం జరిగి ఎదురుచూస్తారు. కాకి ముడితే ఆ ప్రాణం తృప్తి పడ్డట్టు. అన్నం, పప్పు, ఆమెకు ఇష్టమైన సర్వపిండి పెట్టారు. కాకి కరెంటు తీగ మీద కూర్చుని చూసింది గానీ దిగలేదు. రాజవ్వ చేతులు జోడించింది. "ఏం తక్కువైంది బిడ్డా? నా రంది పెట్టుకోకు. నేను మంచిగనే ఉంట. ముట్టు బిడ్డా." ఎండ ముదిరింది. కాకి ఎగిరిపోయింది.

అప్పుడు టీచర్ మేనత్త, "దాని పానమంత ఆ చాపల మీదున్నది" అన్నది. ఆకులోని మెతుకులు కొన్ని తెచ్చి తొట్టిలో వేశారు. చేపలన్నీ ఒక్కసారిగా వచ్చి మింగాయి. ఇల్లంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. రాజవ్వ ముఖం ఆనాడే మొదటిసారి తేటపడింది.

ఆ తరువాత పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరి చెయ్యీ తొట్టిలోకే పోయింది. కోటగిరి నుంచి వచ్చినవాళ్లు, చందూర్ నుంచి వచ్చిన పాత విద్యార్థులు, అందరూ ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఇంత మేత వేసేవారు. ఒకరు బిస్కెట్టు, ఒకరు బూంది. ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, పేరెందుకు గానీ, సమోసా తుంచి వేశారు. నేను వద్దంటే, "టీచరమ్మకు అందుతది సార్" అన్నారు. ప్రేమను ఎట్లా అడ్డుకుంటాం?

పదో దినానికి మైల తీయాలని ఇల్లంతా కడిగారు. చుట్టాలమ్మాయి ఒకామె స్పాంజిని కూడా వదలలేదు. సబ్బుపొడి వేసి, నల్లా కింద పిండి, కొత్తదాని లెక్క చేసి నాకు చూపించింది. "ఎంత మురికున్నదో సూడుండ్రి సార్!" ఆ మురికే గంగామణి టీచర్ ఇన్నాళ్లు పెంచిన సంసారం. ఆ పిల్లనేమనగలను? ఇంటి మైల కడిగింది.

మర్నాటికి నీళ్లు పాలు కలిసినట్టు తెల్లబడ్డాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. మొప్పలు ఎర్రబారాయి. గొట్టంలో చుక్కలు వేస్తే చిక్కటి ఆకుపచ్చ. పక్కింటి రజియా బేగం గారి బిందెలన్నీ అడిగి తెచ్చి, క్లోరిన్ పోయేలా నల్లా నీళ్లు పట్టి నిలవ ఉంచి, సగం తోడి సగం పోశాను. మేత డబ్బా దాచేశాను. ఒకటి చచ్చింది. మళ్లీ తోడి పోశాను. ఇంకొకటి.

కారణం కళ్లముందే ఉంది. రాజవ్వ పళ్లెంలోని అన్నం తెచ్చి తొట్టిలో వేస్తున్నది. "ఆకలికి సస్తున్నయి సారూ."

"ఆకలి కాదవ్వా. తిండే వాటికి విషమైతున్నది. వెయ్యొద్దు, నీ కాళ్లు మొక్కుత."

ఆమె నా ముఖంలోకి చూసింది. "పిట్ట ముట్టలే. ఇవన్న తిన్నయి. గది గూడ వద్దంటవా?"

వ్యాకరణమంతా చదివినవాణ్ని. ఖాళీ బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. ఆ తరువాత పొద్దున నేను నీళ్లు తోడేవాణ్ని, మధ్యాహ్నం ఆమె అన్నం వేసేది. ఇద్దరమూ చేసింది గంగామణి కోసమే. అన్నిటికన్నా పెద్ద చేప ఆఖరున పోయింది. దాన్ని పెరట్లో పూడ్చిపెట్టాం.

మోటారు ఆపేస్తానన్నాను. "బందు వెట్టకు సారూ. ఆ సప్పుడుండనీ. బిడ్డ ఉన్నప్పటి సప్పుడది" అన్నది రాజవ్వ. నేనూ ఎందుకో నీళ్లు మార్చడం మానలేదు. చేప లేని తొట్టికి నీళ్లు మోసే పండితుణ్ని చూసి వీధిలో వాళ్లు ఏమనుకుంటున్నారో నేను అడగలేదు. బడిలో ఆమె స్థానానికి ఎవరో ఒకరు వస్తారు, పాఠం చెబుతారు. నా సమాసాలను చూసి నవ్వడానికి, బెత్తమెత్తిన నా చెయ్యి పట్టుకోవడానికి మాత్రం ఇక ఎవరూ రారు. ఆ లోటు తీరేది కాదు.

నిన్న మళ్లీ చుక్కలు వేశాను. గొట్టంలో లేత పసుపు తేలింది. అయితే బతికినట్టే అని అనడానికి మనిషి లేదు.

రాజవ్వ వచ్చి పక్కన నిలబడింది. నేను దాచిన డబ్బా ఎప్పుడు కనిపెట్టిందో, ఆమె చేతిలో ఉంది. "ఏం రంగొచ్చింది?"

"పసుపు, అవ్వా."

"ఇప్పుడెయ్యొచ్చా?" అని అడిగింది. అనుమతి అడగడం అదే మొదటిసారి.

కడిగేసిన స్పాంజిలో మళ్లీ కాపురం పెట్టవలసినవాళ్లున్నారు. వాళ్లకు మేత కావాలి. ఆ సంగతి నాకు నేర్పిన మనిషి బిడ్డగా పుట్టింది ఈ అవ్వకే.

"వెయ్యవ్వా. ఇప్పుడు వెయ్యాలె."

చిటికెడు తీసి, ఆగింది. "చాపలు లేకపాయె. ఎవలు తింటరు కొడుకా?"

"కంటికి కనవడనోళ్లు."

ఆమె నమ్మింది. మేత వేసి, డబ్బా నా వైపు చాపింది. నేనూ ఒక చిటికెడు వేసి, చేతులు జోడించాను.