రెండు చీటీల్లోనూ చెల్కే

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నుంచి ఈ మాటను లోపల మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా దీన్ని దాటేసి వేరేవేవో చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను లెక్కల సారును. కొత్తకోట దగ్గరి ఊళ్లో పుట్టి, అక్కడి బడిలోనే పాఠాలు చెప్పాను. సంభావ్యత పాఠమంటే నాకు ప్రాణం. పిల్లల చేత నాణేలు ఎగరేయించేవాణ్ణి, పాచికలు వేయించేవాణ్ణి. వరసగా ఐదుసార్లు బొరుసు పడినా ఆరోసారి నాణేనికి ఆ సంగతి గుర్తుండదని, అదృష్టం ఎవరి చేతికీ అంటుకుని ఉండదని చెప్పేవాణ్ణి.

నాయిన పోయాక నేనూ తమ్ముడు మల్లేశూ భూమి పంచుకోవాల్సి వచ్చింది. కాలువ నీళ్లు పారే పొలం ఒకటి. గుట్ట పక్కన, వాన పడితేనే పండే చెల్క ఒకటి. ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరావని పెద్దమనుషులు చీటీలు వేయమన్నారు. చదువుకున్నవాణ్ణని నన్నే రాయమన్నారు. రాశాను. రెండింటి మీదా ‘చెల్క’ అనే రాశాను.

ఎందుకు? నాకు జీతం ఉంది. మల్లేశుకు సేద్యం తప్ప మరొకటి తెలియదు. రోజూ బోర్డు మీద రాసే ఆ సగం సగం అవకాశం నా దాకా వచ్చేసరికి భయం వేసింది. ఓడిపోవడం ఇష్టం లేకపోయింది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం దొరికితే బాగుండునని చాలా వెతికాను.

వాడు కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. రెండోదాన్ని నేను విప్పకుండానే జేబులో వేసుకున్నాను. చూపించమని ఎవరూ అడగలేదు. మల్లేశు అరచెయ్యి చూసుకుని నవ్వాడు. నాకు దక్కిన కాలువ పొలాన్ని నేను దున్నింది కూడా లేదు, కౌలుకిచ్చాను.

వాడు చెల్కలో మూడు బోర్లు వేయించాడు. మూడింట్లోనూ దుమ్మే లేచింది. ప్రతిసారీ తన చేతినే తిట్టుకున్నాడు. తర్వాత తర్వాత మొదటి విత్తనం భార్య పద్మ చేత వేయించేవాడు. ఎవరైనా పసిపాపను ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. ఊరి పిల్లలందరికీ చెప్పిన పాఠాన్ని నేను ఒక్క తమ్ముడికి చెప్పలేకపోయాను. మొదలుపెడితే ఆ చీటీ దాకా రావాలి కదా.

మూడేళ్ల కిందట పద్మకు పేగుకు రంధ్రం పడింది. వెంటనే ఆపరేషన్ చేయాలని దవాఖానలో సంతకం అడిగారు. ఆ రోజు నేను పని మీద హైదరాబాదులో ఉన్నాను. ఫోన్ వచ్చింది.

“అన్నా, నువ్వు జల్ది రా. సంతకం నువ్వే పెట్టాలె.”

“నువ్వే పెట్టురా, ఆలస్యం చెయ్యకు.”

“నా చెయ్యి మంచిది గాదన్నా. నేను పెడితే అది బతకది. నీ చేతికి నసీబుంది.”

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ రోజు రెండు చీటీలూ ఒకటేరా అంటే చాలు, వాడు సంతకం పెట్టేవాడేమో. ఫోన్ చెవి దగ్గరే ఉంది. “వస్తున్నా” అన్నాను.

చేరేసరికి మూడు గంటలు పట్టింది. డాక్టరు ఎంత చెప్పినా మల్లేశు అప్పటిదాకా పెన్ను ముట్టలేదట. సంతకం నేను పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం పద్మ చనిపోయింది.

ఆ మూడు గంటలు మిగిలి ఉంటే బతికేదా? డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. అవకాశాలు లెక్కగట్టడం బతుకంతా నేర్పినవాణ్ణి, ఈ ఒక్క లెక్క ముందు కూర్చుని లేచిపోతున్నాను. చేతకాకనా, జవాబంటే భయమా?

దశదినం రోజు మల్లేశు నా కాళ్లు మొక్కాడు, అంత దూరం నుంచి వచ్చి సంతకం పెట్టినందుకు. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు వాడు ముంబైలో మేస్త్రీల దగ్గర కూలి చేస్తున్నాడు. చెల్క దున్నేవాళ్లు లేక పడావు పడింది. పాపం, వాడి రాత అని ఊరంతా అంటుంది. నేనూ తల ఊపుతాను.

వాడికి చెబుతానో లేదో నాకే తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. చేసింది నసీబు కాదు, నేను. ఇది రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.