మెక్సికోలో తమ్ముడు పెట్టిన పళ్లెం

మొన్న వనపర్తిలో కొత్త టీచర్లకు శిక్షణ పెట్టి, నన్ను మెక్సికో సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. గద్వాల నుంచి బస్సులో నిలబడి వచ్చిన మోకాళ్లతో తెరమీద బొమ్మలు చూపిస్తూ అక్కడి బడుల గురించి, మొక్కజొన్న గురించి, నేత బట్టల గురించి ఏదో చెప్పాను. పిల్లలు, అంటే నా వయసుకు వాళ్లంతా పిల్లలే, మర్యాదగా ఆవులింతలు ఆపుకున్నారు. చివర్లో ఒకమ్మాయి లేచి, "అక్కడ మీకు గుర్తుండిపోయిందేంది మేడం?" అని అడిగింది. ఇంతలో చాయ్ వచ్చిందన్నారు, హాలు ఖాళీ అయింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఆత్మకూరు వచ్చేదాకా ఆ ప్రశ్న గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

కొన్నేళ్ల కింద గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల సర్కారు బడుల నుంచి నాతో పాటు కొందరు టీచర్లను మెక్సికో అధ్యయన యాత్రకు ఎంపిక చేశారు. సంబరపడే ఓపిక అప్పటికి నాలో మిగల్లేదు. ఎన్నికల డ్యూటీలు, ఇంటింటి సర్వేలు, మధ్యాహ్న భోజనంలో గుడ్లు తక్కువయ్యాయని గొడవలు, వీటన్నిటి తర్వాత విమానంలో కాళ్లు ముడుచుకుని అంతదూరం కూర్చోవడం నాకు ఇంకో డ్యూటీలాగే అనిపించింది. దిగేసరికి నా పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ఆ వాపుకాళ్లతోనే మ్యూజియంలు, రాతి గుళ్లు, చర్చిలు తిప్పారు. అప్పుడు నా సంచి కూడా మోసింది తమ్ముడే.

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. ఆత్మకూరు దగ్గరి పల్లెలో లెక్కలు చెప్పే సారు. మొదటి రోజే నన్ను అక్కా అన్నాడు, నేను తమ్మీ అన్నాను, ఇక పేర్లతో పనిపడలేదు. వాళ్లది క్రైస్తవ కుటుంబం, తరతరాలుగా కూలిపనికి ఊళ్లు తిరిగినవాళ్లు. అతను చాలా చిన్నగా ఉన్నప్పుడే తండ్రి ఒక మేస్త్రీ వెంట లారీ ఎక్కి, ఎక్కడో వేరే రాష్ట్రంలో కాలువ తవ్వే పనికి పోయాడట. పని ముగిసి వచ్చిన కూలీలు, జ్వరమొచ్చి చనిపోయాడని, అక్కడే మట్టి చేశామని చెప్పారు. ఏ ఊరో సరిగ్గా చెప్పలేకపోయారు. తల్లి ఆ మాట విన్నదే గాని నమ్మలేదు. ఇదంతా అతను ఏ బాధా పైకి తేకుండా, బస్సుల్లో కూర్చున్నప్పుడు కొంచెం కొంచెంగా చెప్పాడు.

చివరి వారం మమ్మల్ని కొండల్లోని ఒక ఊళ్లో ఇళ్లకు పంచారు. నేను, తమ్ముడు, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన సైన్సు మేడం ఒకే ఇంట్లో పడ్డాం. ఆ ఇంటి ముసలామెను మేం పెద్దమ్మ అనే పిలిచాం. ఆమె స్పానిష్‌లో చెబితే, మాకు తోడిచ్చిన అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చేది, మేం తెలుగులో అనుకునేవాళ్లం. అన్ని మలుపులు తిరిగి వచ్చేసరికి ఆమె హాస్యాలు చప్పబడిపోయేవి. ఆమె మాత్రం మా నవ్వు కోసం ఓపికగా ఆగేది. సున్నపునీళ్లలో ఉడికించిన మొక్కజొన్న రుబ్బి, ఆ పిండిని ఆమె చేతుల మధ్య తడుతుంటే ఆ చప్పుడుకే నాకు నిద్ర వచ్చేది. మా అమ్మ జొన్నరొట్టెలు చేసేటప్పుడు కూడా నేను అట్లాగే పొయ్యి పక్కన కునికేదాన్ని.

నవంబరు మొదట్లో అక్కడ చనిపోయినవాళ్ల పండుగ. ముందుగదిలో బల్లమీద బల్ల వేసి, గుడ్డ పరిచి, ఫోటోలు, కొవ్వొత్తులు, గ్లాసుతో నీళ్లు, జామపళ్లు, పల్లీలు పెట్టారు. వీధి నుంచి బల్ల దాకా బంతిపూల రేకులు చల్లారు, ఆ రాత్రి ఇంటికి తిరిగొచ్చే ఆత్మలు దారి తప్పకుండా. మీవాళ్లను కూడా పెట్టండి అంది పెద్దమ్మ. సైన్సు మేడం మామగారి ఫోటో ఉన్న ఫోన్‌నే నిలబెట్టింది. కాసేపటికోసారి తెర ఆరిపోయేది, ఆమె ఉరికి వెళ్లి ఆయన్ను మళ్లీ వెలిగించేది. బతికుండగా కూడా మధ్యాహ్నం పూట ఆయన్ను లేపడం ఇంతే కష్టమట. నేను మా అమ్మ పేరుమీద ఇన్ని పల్లీలు పెట్టాను. తమ్ముడు కనిపించలేదు.

వాకిట్లో అరుగుమీద కూర్చుని ఉన్నాడు. రమ్మన్నాను.

"మా నాయినకు ఫోటో లేదక్కా. బొంద గూడ లేదు. రేపు మాకాడ సమాధుల పండుగ. అందరు బొందలకు సున్నమేసి కొవ్వొత్తులు పెడ్తరు. మా అమ్మ మాత్రం ఆ దినం ఇంట్లకెల్లి బయటికి రాదు."

ఫోటో లేకున్నా ఆయన పేరున తిండి పళ్లెం పెట్టొచ్చు కదా అన్నాను. అతను కాలికింది పూలరేకు ఒకటి తీసి మళ్లీ దారిలో పెట్టాడు.

"అమ్మ ఇంకా మెట్టెలు తియ్యలేదు. ఆమెను అడగకుంట నేనీడ పళ్లెం పెడ్తే, నాయిన సచ్చిండని నేనే తీర్పు జెప్పినట్టయితది."

నేను లోపలికి వెళ్లి, అతను ఎందుకు రావట్లేదో తోడు అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి పెద్దమ్మకు చెప్పింది. ఆమె బయటికి వచ్చి ఓదార్చలేదు. లోపల జామపళ్లను ఒక పక్కకు జరిపి, పళ్లెమంత చోటు ఖాళీ చేసి, మళ్లీ తన పనిలో పడింది. ఆ ఖాళీ చోటును చూసి వచ్చి తమ్ముడు తల్లికి ఫోన్ చేశాడు. మెక్సికోలో సాయంత్రం, మన దగ్గర అప్పుడే తెల్లవారుతోంది. స్పీకర్ పెట్టి, ఆమెకు సరిగ్గా వినబడదని గట్టిగా మాట్లాడాడు. పండుగంటే ఏమిటో, పళ్లెం ఎవరికో వివరించాడు. అవతల కోడి కూసింది.

"సచ్చిండో బతికిండో నాకు తెల్వదు బిడ్డా," అందామె. "ఏడున్నా ఆకలైతది గద. పెట్టు."

తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకుని ముఖం కడుక్కుని వచ్చాడు. పెద్దమ్మ పిండితో నేను మందంగా రొట్టె తట్టాను. మొక్కజొన్న పిండి, నాకు అలవాటైన పిండి కాదు, అంచులు పగిలాయి. పల్లీలు, ఎండుమిరపకాయలు వేయించి అతనే రాతిరోట్లో నూరాడు. తండ్రికి కారం ఎక్కువ కావాలట, తల్లి చెప్పేదట. పళ్లెం పెట్టాక మేమంతా అలసిపోయి అక్కడే నేలమీద కూలబడ్డాం.

మరుసటి ఏడు సమాధుల పండుగకు తమ్ముడు నాకు ఫోన్ చేసి, అమ్మ ఈసారి బొందల కాడికి బయల్దేరింది, వస్తవా అక్కా అన్నాడు. వెళ్లాను. ఆమె చిన్న మనిషి, నా భుజం దాకా కూడా రాదు. కాళ్లకు మెట్టెలు అట్లాగే ఉన్నాయి. తీయమని ఎవరూ అనలేదు. అందరి సమాధులూ దాటుకుంటూ గోడవారకు పోయి, ఎవరిదీ కాని కాస్త చోటు చేత్తో ఊడ్చి కొవ్వొత్తి పెట్టింది. గాలికి అది త్వరగానే ఆరిపోయింది. కొడుకు అగ్గిపెట్టె తీయబోతే, వద్దులే అని లేచింది. ఎన్నో ఏళ్లు ఆ దినం ఇంట్లోనే కూర్చున్న మనిషి, ఇక్కడ వత్తి సగం కాలేంతసేపు కూడా ఉండలేదు. ఆ కాసేపు ఆమెకు ఎంతసేపుగా తోచిందో, పక్కన నిలబడ్డ నాకు ఇప్పటికీ తెలియదు.