చెదలు పట్టని మగ్గం

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఇది: ఒక పెద్దాయన తాను చేయని తప్పుకు తనను తాను తిట్టుకుంటూనే కన్నుమూశాడు. ఆ తప్పు నాది. ఆయన తిట్టుకుంటుంటే వింటూ, పక్కనే నిలబడి బొంతలు కుట్టుకున్నాను. మా ఇంట్లో ఇది ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. క్షమించమని మాత్రం అడగను. అడిగితే ఆయన మగ్గం విప్పించడం కూడా తప్పేనని ఒప్పుకోవాల్సి వస్తుంది. అది ఒప్పుకోను.

మాది సిరిసిల్ల. మా మామ చేనేత మనిషి. ముందు గదిలో ఆయన గుంట మగ్గం ఉండేది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం. ఊరంతా సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, వచ్చాక ఆయన నేయడం మానేశాడు. మగ్గం మాత్రం గది నిండా అలాగే ఉండిపోయింది. పొద్దున్నే దాని ముందు కూర్చుని చాయ తాగేవాడు. దసరాకు పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. నేను కోడలిగా వచ్చేనాటికే దాని మీద ఒక్క నూలు పోగు లేదు.

నేను పాత చీరలతో బొంతలు కుడతాను. చీరలు పొరలు పొరలుగా పరిచి, కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేసి, ఆ తర్వాత అంచు నుంచి లోపలికి సన్నగా కుట్టుకుంటూ పోవాలి. పని ఎక్కువగా కోరుట్ల నుంచి వచ్చేది. మొగుళ్లు దుబాయిలో ఉన్న ఆడవాళ్లు తమ చీరలతో బొంత కుట్టించి అక్కడికి పంపుకునేవాళ్లు. ముందు గది మగ్గానిది కాబట్టి మాకు మిగిలింది వెనక గది. వంట అక్కడే, పిల్లల పడక అక్కడే, నా పనీ అక్కడే. నేల మీద వంగి కుట్టేదాన్ని. పిల్లలు తొక్కితే పొరలు జరిగేవి, అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. చిన్నది పుట్టాక నడుము మాట వినడం మానేసింది. సాయంత్రానికి గోడ పట్టుకుని లేచేదాన్ని. నా భర్త అప్పుడు బొంబాయి దగ్గర భీవండిలో సాంచల మీద పనిచేస్తున్నాడు. ఇక్కడ ఇల్లు నడిచింది నా బొంతల మీదే. ఈ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

మామను అడిగాను. అడగకుండా చేసిందని ఎవరూ అనొద్దు. మగ్గం తీస్తే ఆ గదిలో బల్ల వేసుకుంటానని అడిగాను. ఆయన తలెత్తకుండానే, తాను పోయాక ఏమైనా చేసుకొమ్మన్నాడు. అంటే ఏమిటి? ఇంట్లో మనిషి ఎప్పుడు పోతాడా అని చూస్తూ నేను నడుము విరగ్గొట్టుకోవాలా? పని లేని కట్టెకు ఒక గది ఉన్నప్పుడు పనిచేసే మనిషికి ఎందుకు ఉండకూడదు?

ఆయన కంటి ఆపరేషన్ కోసం కోరుట్లలో కూతురింటికి వెళ్లాడు. నేను ఎల్లారెడ్డిపేట నుంచి వడ్లాయనను, అంటే వడ్రంగిని, పిలిపించాను. మగ్గం విప్పించాను. గుంటలో మొరం పోయించి పైన సిమెంటు పూయించాను. మగ్గం గుంజలు నా బల్లకు కాళ్లయ్యాయి. బట్ట చుట్టుకునే దూలాన్ని చీల్చి పైచెక్క కింద చట్రంగా బిగించారు. బల్ల ఎత్తు నా మోచేతికి సరిపెట్టించాను. నాలుగు పక్కలా తిరిగేలా గది నడుమ వేయించాను. చీరలు జారకుండా పైన పాత కంబళి లాగి పరిచి, అంచులు కిందికి మడిచి మేకులు కొట్టాను. కాళ్లకు ఆకుపచ్చ రంగు వేశాను. ఆ రంగు అందం కోసం కాదు, ఆయన గుర్తుపట్టకూడదని. మొదటిసారి నిలబడి టాకాలు వేసిన రోజు నాకు ఏడుపొచ్చింది. అంత సుఖంగా అనిపించింది.

మామ తిరిగొచ్చాడు. కళ్లు బాగా కనిపిస్తున్నాయి. గడప దగ్గరే ఆగిపోయాడు. నేను ముందే అనుకుని పెట్టుకున్న మాట చెప్పాను. మగ్గానికి చెదలు పట్టాయని, ముట్టుకుంటే పొడి రాలిందని, పిల్లల మీద కూలుతుందేమోనని విప్పించి పొయ్యిలో పెట్టేశానని. తిడతాడనుకున్నాను. తిడితే తిరిగి అనడానికి నా దగ్గర చాలా ఉంది. ఆయన తిట్టలేదు. మెల్లగా గడప మీద కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు చెదలు వెతకడమే పని. దర్వాజాలను వేలితో కొట్టి చెవి పెట్టి వినేవాడు. పలకరించిన ప్రతివాడికీ, నేతగాడి పుట్టుక పుట్టి మగ్గాన్ని చెదలపాలు చేశానని చెప్పుకునేవాడు. దసరాకు బల్లకు బొట్టు పెట్టమని పిలిస్తే గదిలోకి రాలేదు. ఆ తర్వాత ఒక పొద్దున చూస్తే నా బల్ల కింద దూరి ఉన్నాడు. చేతిలో గుడ్డపేలిక, పక్కన కిరోసిన్ సీసా.

"ఏం జేస్తున్నవ్ మామా?"

"గాసునూనె రుద్దుతున్న బిడ్డా. చెదలు కిందినుంచే అస్తయి. నా మగ్గానికి ఒక్కనాడన్న గిట్ల జెయ్యకపోతి. బొట్టు వెట్టుడే గని, వంగి సూసింది లేదు."

"పోనియ్యి. లే మామా, నడుము నొస్తది."

"నొయ్యనీ. తప్పు నాదేనాయె. నీ బల్లకన్న గా గతి రావద్దు."

తన గుంజనే రెండు చేతులతో పట్టుకుని రుద్దుతున్నాడు. నిజం నా నోటిదాకా వచ్చింది. ఎందుకు చెప్పలేదు? భయమని చెప్పుకుంటే నాకే బాగుంటుంది. భయం కాదు. చెబితే బల్ల ఉండదు. మళ్లీ నేల మీద కూర్చోలేననిపించింది. అందుకని ఆయన్ని రుద్దనిచ్చాను. ఆ రోజే కాదు, ఆయన మంచం పట్టేదాకా రుద్దనిచ్చాను.

నిజం చెప్పి ఉంటే? నానా మాటలు అనేవాడు. కొడుక్కి ఫోన్ చేసేవాడు, కోపంతో కోరుట్లకు వెళ్లిపోయేవాడు. వెళ్లేవాడు, కానీ తల ఎత్తుకుని వెళ్లేవాడు. నా మీద కోపం తెచ్చుకునే హక్కు ఆయనకు ఉంది. అది ఆయనకు దక్కకుండా చేసి, దాని బదులు సిగ్గును అంటగట్టాను. నా తప్పు ఇదీ. మళ్లీ అదే పరిస్థితి వస్తే మగ్గం మళ్లీ విప్పిస్తాను, ఈసారి ఆయన ముందే. ఇప్పుడు ఇలా అనడం తేలికే, అది నాకూ తెలుసు.

మా చుట్టాల్లో ఇప్పటికీ ఆయన మాట వస్తే, పాపం మగ్గాన్ని చెదలకు వదిలేశాడంటారు. నేను తలూపుతూ వచ్చాను. ఇక ఊపను. ఇది చదివి నన్నెవరైనా గుర్తుపడితే పట్టనీ, ఎన్ని మాటలైనా అననీ. వాటికి నేను సిద్ధంగా ఉన్నాను. రాస్తుంటేనే నాకు ఊపిరాడుతోంది. ఆ మగ్గానికి చెదలు పట్టలేదు. ఒక్క గుంజకూ పట్టలేదు. మా మామ దాన్ని బాగానే చూసుకున్నాడు. విప్పించింది నేను.